నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చారా? ప్లాస్టిక్ ట్యూబుకి మన సొల్యూషన్ అంటదు

ఐండ్‌హోవెన్‌కో డెల్ఫ్ట్‌కో వచ్చి దిగాక ఇల్లు దొరకడం ఆలస్యమవుతుందేమో గాని, సైకిలు మాత్రం వారంలోపే వచ్చేస్తుంది. ఆఫీసుకి, కూరగాయలకి, పిల్లల బడికి అన్నిటికీ అదే బండి. లైట్లు లేకపోతే జరిమానా పడుతుందని, తాళాలు రెండు వేయాలని మీకు అందరూ చెప్పే ఉంటారు. నేను ట్యూబుల సంగతి చెప్తాను. ముఖ్యంగా ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్న పల్చటి ప్లాస్టిక్ ట్యూబుల గురించి. ఏటా కొత్తగా వచ్చే మన పిల్లలు కనీసం ఇద్దరు ముగ్గురు "అన్నా, ప్యాచ్ వేస్తే ఊడిపోతోంది, ఎందుకు?" అని అడుగుతున్నారు.

నాకూ అదే జరిగింది. వచ్చిన తొలి నవంబరులో, ఊరు మారిపోతున్న ఒక సహోద్యోగి దగ్గర తేలికపాటి రోడ్ సైకిలు కొన్నాను. మూడో వారానికే వెనక చక్రం గాలి దిగిపోయింది. టైరు విప్పితే లోపల నల్ల రబ్బరు ట్యూబు లేదు, నారింజ రంగులో పాలిథిన్ సంచిలా పల్చటిది ఒకటి ఉంది. తెనాలిలో మా వీధి చివరి పంక్చర్ షాపులో చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చున్నవాణ్ని, నాకు రాని పనా అనుకున్నాను. నాన్న సూట్‌కేసులో పెట్టి పంపిన ప్యాచ్‌లు, సొల్యూషన్ డబ్బా తీశాను. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, ప్యాచ్ వేసి నొక్కాను. గాలి కొట్టగానే పెనం మీంచి అట్టు లేచినట్టు అంచుల దగ్గర మొదలై ప్యాచ్ మొత్తం లేచిపోయింది. రుద్దిన చోట ట్యూబు నిండా గీతలు పడ్డాయి.

కారణం తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మన సొల్యూషన్ జిగురు లాంటిది మాత్రమే కాదు. అది రబ్బరుతో రసాయనికంగా కలిసి, ప్యాచ్‌నీ ట్యూబునీ ఒకటే ముక్కగా చేస్తుంది. ఈ కొత్త ట్యూబుల్లో రబ్బరే లేదు. వీటిని థర్మోప్లాస్టిక్ పాలియురెథేన్‌తో చేస్తారు, క్లుప్తంగా టీపీయూ అంటారు. సొల్యూషన్ కలవడానికి అక్కడ దాని జాతిది ఏమీ లేదు. ఇక్కడివాళ్లు కూడా ఆ డబ్బాని సొల్యూత్సి అనే అంటారు, వింటే మన పంక్చర్ షాపు గుర్తొస్తుంది. హెమా, డెకాథ్లాన్ లాంటి దుకాణాల్లో బాండెన్‌ప్లాక్‌సెట్ అని అమ్మే మామూలు పంక్చర్ పెట్టెలో ఉండేది ఆ సొల్యూత్సియే. రబ్బరు ట్యూబుకి అది బంగారం. ప్లాస్టిక్ ట్యూబుకి మాత్రం పెట్టె మీద టీపీయూ అని రాసి ఉన్న ప్యాచ్‌లే కొనండి. ట్యూబులు చేసే ఆస్ట్రియా కంపెనీ ట్యూబొలిటో, జర్మనీ కంపెనీ ష్వాల్బే లాంటివాళ్లు తమ ప్యాచ్‌లు తామే అమ్ముతారు.

అసలు ఈ ట్యూబు మీకు కావాలా? నిజం చెప్పాలంటే, నిటారుగా కూర్చుని తొక్కే బరువైన డచ్ సిటీ సైకిలుకి అక్కర్లేదు. రోడ్ సైకిలు రబ్బరు ట్యూబు దాదాపు 100 గ్రాములు ఉంటే, ప్లాస్టిక్‌ది 35–40 గ్రాములు, ఇంకా తక్కువవీ ఉన్నాయి. 20 కిలోల సైకిలు మీద ఆ తేడా మీకు తెలియదు. పేరున్న కంపెనీది అయితే ఒక్కో ట్యూబు సుమారు పాతిక, ముప్పై యూరోలు. పైగా ఆ సైకిళ్లకి వెనక చక్రం తీయడం పెద్ద పని. చైన్‌కవర్, హబ్ గేర్ల తీగ, బ్రేకు అన్నీ విప్పాలి. అందుకే ఇక్కడి ఫీట్సెన్‌మాకర్, అంటే సైకిలు మెకానిక్, చక్రం తీయకుండానే ఒక పక్క టైరు లేపి, ట్యూబుని బయటికి లాగి ప్యాచ్ వేస్తాడు. అలా వాడే బండికి మందపాటి రబ్బరు ట్యూబే మేలు. రోడ్ సైకిలుకీ, మడిచే సైకిలుకీ ప్లాస్టిక్ ట్యూబు బాగుంటుంది. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది స్పేర్‌గా. మడిస్తే చొక్కా జేబులో పట్టేస్తుంది.

కొనేటప్పుడు టైరు పక్కన రాసి ఉన్న అంకెలు చూసుకోండి. 28-622 అంటే వెడల్పు 28 మిల్లీమీటర్లు, రిమ్ కొలత 622. ట్యూబు పెట్టె మీద ఆ రెండూ ఉండాలి. రబ్బరైతే కొంచెం చిన్నదైనా సాగి సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. వాల్వు కూడా చూడాలి. సిటీ సైకిళ్లకి ఎక్కువగా డన్‌లప్ వాల్వు ఉంటుంది. పాత రోజుల్లో మన ఊళ్లో లోపల సన్న రబ్బరు గొట్టం తొడిగేవాళ్లే, ఆ జాతిదే. ప్లాస్టిక్ ట్యూబులు మాత్రం ఎక్కువగా సన్నటి ప్రెస్టా వాల్వుతో వస్తాయి. దానికి రిమ్‌లో 6.5 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, డన్‌లప్ రంధ్రం 8.5. పెద్ద రంధ్రంలో సన్న వాల్వు కదులుతూ మొదలు దగ్గర చిరుగుతుంది. సన్నం చేసే చిన్న రింగు దొరుకుతుంది, తప్పకుండా వేయండి.

ఎక్కించేముందు రిమ్ లోపల వేలుతో తడమండి. చువ్వల రంధ్రాల్ని కప్పే టేపు పక్కకి జరిగి ఉంటే ఈ పల్చటి ట్యూబు ఆ రంధ్రంలోకి దిగి కోసుకుపోతుంది. ట్యూబులో గుండ్రటి ఆకారం వచ్చేంతవరకే గాలి పెట్టండి, అంతకుమించి వద్దు. రబ్బరు బెలూన్‌లా ఉబ్బి మళ్లీ తగ్గుతుంది. ఇది ఒకసారి సాగిందంటే సాగినట్టే ఉండిపోతుంది. అదే కారణంగా, ఒకసారి వెడల్పు టైరులో వాడిన ట్యూబుని తర్వాత సన్న టైరులో పెట్టకూడదు, మడతలు పడి అక్కడే చిల్లు పడుతుంది. టైరు చివరి భాగాన్ని వీలైనంతవరకు బొటనవేళ్లతోనే లోపలికి నెట్టండి. మనవాళ్లు స్క్రూడ్రైవరో స్పూనో వాడేస్తారు. ఇక్కడ ఆ పని చేస్తే కొత్త ట్యూబు ఎక్కించకముందే పోతుంది. చుట్టూ ఒకసారి టైరుని పక్కకి వంచి చూడండి, ట్యూబు టైరు అంచు కింద నలిగి కనిపిస్తే సర్దండి, ఆ తర్వాతే పూర్తిగా గాలి కొట్టండి. ఎంత కొట్టాలో టైరు మీద బార్‌లలో రాసి ఉంటుంది. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ.

ఇక పంక్చర్. ఇక్కడ ఎక్కువగా గుచ్చుకునేవి గాజు పెంకులు, కంచెలు కత్తిరించే రోజుల్లో దారి మీద పడే ముళ్లు. దారిలో పడితే అక్కడే ప్యాచ్ వేయాలని చూడకండి. వాన, చలి, తడిచేతులు ఉన్నప్పుడు ఈ ప్యాచ్ సరిగా అంటదు. స్పేర్ ట్యూబు వేసుకుని ఇంటికి వచ్చేయండి, ప్యాచ్ పని రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద తీరిగ్గా చేసుకోవచ్చు.

చిల్లు కనిపెట్టడంలో మాత్రం మన ఊరి విద్య మొత్తం పనికొస్తుంది. ఆకారం వచ్చేంత గాలి పెట్టి, టబ్బులో నీళ్లు పోసి, ట్యూబుని కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పండి. చిల్లు సూదిమొన అంత ఉంటే బుడగలు ధారగా రావు, ఒక్కొక్కటే ఆగి ఆగి వస్తాయి. ట్యూబుని రెండు చేతుల మధ్య మెల్లగా నొక్కి పట్టుకుంటే బయటపడతాయి. దొరకగానే పెన్నుతో చుట్టూ కాస్త పెద్ద గీత గీయండి, ఎందుకంటే తుడిచాక ఆ చిల్లు మళ్లీ కంటికి కనిపించదు. ఎక్కడ పడిందో కూడా గమనించండి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై రిమ్‌కి నలిగినట్టు. రిమ్ వైపు ఉంటే టేపు సంగతి చూడాలి. బయటి వైపు ఉంటే టైరులో ఇంకా ఏదో గుచ్చుకుని ఉండొచ్చు, లోపల గుడ్డతో తుడిస్తే దానికి పోగు తగులుకుంటుంది.

ప్యాచ్ వేయడానికి గాలి పూర్తిగా తీసి, గట్టి బల్ల మీద ట్యూబుని పరచండి. గరుకు కాగితంతో రుద్దవద్దు. కిట్‌లో ఇచ్చిన స్పిరిట్ గుడ్డతో తుడవండి, లేకపోతే ఇక్కడి ద్రోగిస్ట్ అనే మందుల దుకాణంలో స్పిరిట్ దొరుకుతుంది. ఆరాక అక్కడ వేలు పెట్టకండి, వేలి జిడ్డు చాలు ప్యాచ్ లేవడానికి. ప్యాచ్‌ని ఒక అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా దింపండి, కింద గాలి బుడగ చిక్కకూడదు. ట్యూబు పారదర్శకంగా ఉంటే వెనక నుంచి చూస్తే తెల్లమచ్చగా కనిపిస్తుంది. స్పూను వెనక భాగంతో నిమిషం పాటు గట్టిగా రుద్ది, కాసేపు వదిలేయండి. అతికిందో లేదో చూద్దామని బయటే గాలి కొట్టేస్తారు చాలామంది. అలా చేస్తే ట్యూబు సాగుతుంది, ప్యాచ్ సాగదు, ఊడొస్తుంది. టైరులో పెట్టాకే కొట్టాలి. వాల్వు మొదలు దగ్గర గాని ట్యూబు అతుకు దగ్గర గాని లీకైతే దానికి ప్యాచ్ లేదు, ట్యూబు మార్చాల్సిందే.

వాల్వు ప్లాస్టిక్‌ది అయితే పంపు తల పెట్టేటప్పుడు, తీసేటప్పుడు అటూ ఇటూ ఊపకండి. అరచేతిలో పట్టే చిన్న కరెంటు పంపులు వచ్చాయి, వాటి తల బాగా వేడెక్కి వాల్వుని మెత్తబరుస్తుంది, మధ్యలో చిన్న గొట్టం తగిలించి వాడండి. ట్యూబుని హీటర్ దగ్గర ఉంచవద్దు. వేడి వల్లే, రిమ్‌ని పట్టే బ్రేకులున్న సైకిలుకి కొన్ని ట్యూబులు పనికిరావు. బల్లపరుపుగా ఉండే ఈ దేశంలో ఆ తేడా తెలియకపోవచ్చు గాని, సెలవులకి ఆల్ప్స్ వైపు సైకిలు తీసుకెళ్లేవాళ్లు పెట్టె మీద చదివి తీరాలి. పొడవాటి దిగుడులో బ్రేకు పట్టి పట్టి రిమ్ బాగా వేడెక్కిపోతుంది.

స్పేర్ ట్యూబుని సీటు కింద సంచిలో పనిముట్ల పక్కన ఊరికే పడేయకండి. కుదుపులకి రాసుకుని, అవసరమైన రోజున తీసేసరికి చిల్లుతో వస్తుంది. పాత సాక్సులో చుట్టి పెట్టండి, చేతులు తుడుచుకోడానికి కూడా పనికొస్తుంది. స్పేర్ కూడా పోయి రైలెక్కాల్సి వస్తే, పనిరోజుల్లో ఉదయం 6:30 నుంచి 9:00 వరకు, సాయంత్రం 4:00 నుంచి 6:30 వరకు మామూలు సైకిలుని రైల్లోకి రానివ్వరు. జులై, ఆగస్టుల్లో ఆ పట్టింపు ఉండదు. మడిచే సైకిలుని మాత్రం మడిచి ఎప్పుడైనా ఉచితంగా తీసుకెళ్లొచ్చు.