స్పీకర్లు కొనేముందు వాటిని పోల్చి వినే పద్ధతి

లక్షల రూపాయలు పెట్టి స్పీకర్ల జతను కొనదలచినవారు దుకాణానికి వెళ్లేముందు తమ గదిని ఒకసారి విని చూడాలి. విజయవాడ, గుంటూరు ఇళ్లలో పైన శ్లాబు, చుట్టూ నున్నని గోడలు, కింద టైల్సో మార్బులో ఉంటాయి కనుక, అటువంటి గది నడుమ నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు వెంటనే ఆగిపోక, ఎదురెదురు గోడల మధ్య గరగరమంటూ క్షణకాలం తిరుగుతుంది. ఆ గదిలో తారస్థాయి (ట్రెబుల్) కొంచెం పదునుగా ఉన్న స్పీకర్‌ను అరగంటకు మించి వినలేము. మందపాటి తివాచీ, బరువైన కర్టెన్లు, పుస్తకాలు నింపిన అల్మరా ఈ దోషాన్ని చాలావరకు తగ్గిస్తాయి.

మంద్రస్వరాల (బాస్) సంగతి వేరు. 14 అడుగుల పొడవున్న గది సుమారు 40 హెర్ట్‌జ్ (సెకనుకు 40 కంపనాలు) దగ్గర, 10 అడుగుల ఎత్తు సుమారు 56 హెర్ట్‌జ్ దగ్గర స్పీకర్ పలికిన స్వరంతోపాటు తామూ మోగుతాయి. తివాచీ వాటిని ఆపలేదు. సోఫాను వెనుక గోడకు ఆనించి కూర్చుంటే ఆ స్వరాలు ఉబ్బి వినిపిస్తాయి. గదికి సరిగ్గా మధ్యలో కూర్చుంటే పొడవు వల్ల మోగే స్వరం దాదాపు మాయమవుతుంది. అందుకే 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న గదికి మంద్రస్వరాలను ఎక్కువగా పలికే నిలువెత్తు స్పీకర్ల కంటే, గట్టి స్టాండ్లమీద నిలిపిన మేలైన బుక్‌షెల్ఫ్ (చిన్న పెట్టె) స్పీకర్ల జతే తగినదని నా అభిప్రాయం.

పోల్చేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని రెండు జతల ధ్వనినీ ఒకే స్థాయికి తేవడం. ధ్వని స్థాయిని కొలిచే ప్రమాణమైన డెసిబెల్‌లో ఒక్కటి తేడా ఉన్నా చెవి దానిని హెచ్చుతగ్గుగా గుర్తించకుండా, కాస్త గట్టిగా మోగిన జతనే స్పష్టమైనదిగా, నిండైనదిగా భావిస్తుంది. ఒక షోరూమ్‌లో నన్ను ఎంతగానో ఆకట్టుకున్న జత, స్థాయిలు సరిచేయించి మళ్లీ విన్నప్పుడు రెండవ జత కంటే ఏ విధంగానూ మెరుగ్గా తోచలేదు. కాబట్టి వర్షపు హోరును పోలిన పింక్ నాయిజ్‌ను వినిపించి, మీరు కూర్చునే చోటనే ఫోన్‌లోని ధ్వనిమాపక యాప్‌తో కొలిచి, తేడా అర డెసిబెల్ లోపు ఉండేలా వాల్యూమ్ సరిచేయించండి. సెన్సిటివిటీ అంటే ఇచ్చిన శక్తికి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత; అది 84 డెసిబెళ్లు ఉన్న స్పీకర్‌కు, 87 ఉన్నదానితో సమానంగా మోగడానికి రెట్టింపు శక్తి కావాలి. అందువల్ల వీలైతే మీ యాంప్లిఫయర్‌నే వెంట తీసుకువెళ్లండి.

పేరు, ధర, చెక్క మెరుపు కూడా చెవిని ప్రభావితం చేస్తాయి. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రకటించిన పరీక్షలలో, చూస్తూ విన్నవారి తీర్పులు తెరచాటున విన్నప్పుడు గణనీయంగా మారాయి. ఒక పలుచని నూలు పంచెను ముందు కట్టించి, ఏ జత మోగుతున్నదో తెలియకుండా మరొకరిచేత మార్పించి వినడం మనకూ సాధ్యమే.

వినడానికి మీకు కంఠతా వచ్చిన రికార్డింగులనే ఎంచుకోండి. మృదంగంలో తొప్పి (మంద్రంగా పలికే ఎడమవైపు ముఖం) నాదం బిగువుగా పలికి ఆగుతున్నదా, సాగిపోతున్నదా అన్నది మంద్రస్వరాలకు మంచి పరీక్ష. స్త్రీ గాత్రంలో ‘స’, ‘శ’ అక్షరాలు ఈలలా గుచ్చుకోకూడదు. వీణ గమకంలో తీగమీద వేలి జారుడు వినిపించాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. తరతరాలుగా రేడియో విన్న ఈ ప్రాంతపు చెవికి మనిషి గొంతు సహజంగా ఉన్నదా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది, ఆ తీర్పును నమ్మండి.

ఆఖరి పరీక్ష ఇంట్లోనే జరగాలి. బయానా ఇచ్చి, షరతులు కాగితంమీద రాయించుకుని, రెండు మూడు రోజులకు ఆ జతను తెచ్చుకోండి. వేసవిలోనైతే ఏసీతో గదిని ముందే చల్లబరచి, వినేటప్పుడు దానినీ ఫ్యానునూ ఆపివేయండి. రాత్రి పది దాటాక, పక్క ఫ్లాటువారికి ఇబ్బంది కలగనంత తక్కువ ధ్వనిలో కూడా వినండి. అప్పుడు మంద్రస్వరాలు పలచబడటం చెవి స్వభావమే. పాటలోని మాటలు మాత్రం చెవి రిక్కించవలసిన అవసరం లేకుండా తెలియాలి. తెలియకపోతే ఆ జతను తిరిగి పంపివేయండి.