పంచాయతీ ఆఫీసులో నెట్ పోయిందా? పెట్టె మార్చే ముందు వెలుతురు కొలవండి

"సార్, ఓఎన్‌టీ కాలిపోయింది. కొత్తది పట్టుకుని రండి."

నాకొచ్చే ఫోన్లు ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి. ఓఎన్‌టీ అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురును నెట్‌గా మార్చే పెట్టె. ఏ లైటు వెలుగుతోందో చెప్పరు, ఎప్పట్నుంచి పోయిందో చెప్పరు. జబ్బు పేరూ మందు పేరూ వాళ్లే తేల్చేస్తారు. ఎండలో బండేసుకుని వెళ్తే ప్లగ్గు ఊడి ఉంటుంది. ఫ్యాను పెట్టుకోవడానికో, ఫోను చార్జింగ్‌కో ఎవరో తీసి ఉంటారు.

పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన భారత్‌నెట్ లైను, అక్కణ్నుంచి బడికో సచివాలయానికో ఇళ్లకో వెళ్లిన ఫైబర్, వీటిని చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. వెలుతురు కొలిచే పవర్ మీటర్ వాడటం, కనెక్టరు తుడవడం, ప్యాచ్ కార్డ్ (పెట్టెకు తగిలించే పొట్టి ఫైబర్ తీగ) మార్చడం మీకు వచ్చనే అనుకుంటున్నా. ఫైబర్ కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. అందులో వచ్చే వెలుతురు కనపడదు, కంటికి మాత్రం తగులుతుంది.

2011 అక్టోబరులో కేంద్రం ఈ పథకానికి ఒప్పుకున్నప్పుడు దీని పేరు నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్. దేశంలోని దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీసుకెళ్లాలన్నది లక్ష్యం. తర్వాత భారత్‌నెట్ అన్నారు. మొదటి విడత లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది. ఇప్పుడా లెక్క రెండు లక్షలు దాటింది. ఆ లెక్కల్లో 'సర్వీస్ రెడీ' అని ఒక మాట ఉంటుంది. తీగ వచ్చింది, పెట్టె బిగించారు, ఆ రోజు లైటు వెలిగింది అని దాని అర్థం. ఇవాళ వెలుగుతోందో లేదో ఆ మాట చెప్పదు.

ఒక్క లైటూ వెలగట్లేదు

కరెంటు. ఇంకేమీ కాదు, కరెంటే.

ప్లగ్గు, స్విచ్, అడాప్టర్ ఈ వరసలో చూడండి. మొదటి విడతలో చాలాచోట్ల సోలార్ ప్యానెల్, బ్యాటరీ కూడా ఇచ్చారు. ఇన్నేళ్లకు ఆ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. "పగలు బాగుంటుంది, సాయంత్రం అయిదు దాటితే బడిలో నెట్ ఉండదు" అంటే ఆఫీసుకు తాళం వేసేటప్పుడు అటెండర్ మెయిన్ ఆపేస్తున్నాడని అర్థం. ఆయన తప్పేం లేదు, ఆపమని చెప్పిందీ మనవాళ్లే. పెట్టెకు వేరే ఎంసీబీ పెట్టించి, పక్కన పెయింటుతో 'ఇది ఆపరాదు' అని రాయించండి.

పెట్టె దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతుంటే అడాప్టర్‌ను అనుమానించండి. పిన్ను బయటికి తీసి కొలిస్తే ముసలి అడాప్టర్ కూడా 12 వోల్టులు చూపిస్తుంది. పెట్టెకు తగిలించాకే దాని అసలు సత్తువ తెలుస్తుంది. అలాంటిదే మంచి అడాప్టర్ ఒకటి పెట్టి ఓ గంట చూడండి, తేలిపోతుంది.

ఎల్‌ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది

ఎల్‌ఓఎస్ అంటే వెలుతురు అందట్లేదని చెప్పే లైటు. అది కొట్టుకుంటోందంటే పెట్టె దాకా వెలుతురు రావట్లేదు. పెట్టెను ముట్టుకోవద్దు. ముందు పక్క ఊరికి ఫోన్ చేయండి. ఈ ఒక్క ఫోన్ చేయకుండా నన్ను పిలిచినవాళ్ల లెక్క రాస్తే పుస్తకం నిండుతుంది. అదే లైను మీదున్న ఊళ్లన్నీ పోతే తీగ ఎక్కడో తెగింది, అది మీ ఆఫీసులో బాగయ్యేది కాదు.

తెగడానికి కారణం వెతకక్కర్లేదు, ఆ దారిలో జేసీబీ ఎక్కడ తిరిగిందో అడిగితే చాలు. తవ్వే ముందు చెప్పడానికి 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. మంచిదే. కానీ యాప్ కాంట్రాక్టరు ఫోన్లో ఉంటుంది, బకెట్ డ్రైవరు చేతిలో ఉంటుంది. తెలంగాణలో టీ-ఫైబర్ తీగను భగీరథ పైపుల వెంట వేశారు కాబట్టి పైపు లీకేజీకి తవ్విన చోటు ముందు చూడండి. ఆంధ్రలో ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీద పోతుంది. అక్కడ గాలివానో, స్తంభం మార్చినవాళ్లో, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన ట్రాక్టరో కారణం అయ్యుంటుంది.

పాత పద్ధతిలో మండలం నుంచి ఊళ్లకు ఒకే దారి. మధ్యలో తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో ఒప్పుకున్న సవరించిన భారత్‌నెట్‌లో పంచాయతీలను రింగుగా కలపాలన్నారు. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. పదేళ్ల నిర్వహణ కూడా అందులోనే కలిపారు. నా లెక్కలో రింగు కన్నా అదే పెద్ద మార్పు, ఎందుకంటే తీగ వేసినవాడు బిల్లు తీసుకుని వెళ్లిపోతే మిగిలేది మనమే. ఎంత రింగు వచ్చినా పంచాయతీ గోడ నుంచి బడి గోడకు, ఇంటి గోడకు వెళ్లే తీగ ఒంటరిదే.

పక్క ఊరు బాగుండి మీదొక్కటే పోయిందా? కనెక్టరు తీసి తుడిచి మళ్లీ పెట్టండి. ఆకుపచ్చ కనెక్టరును నీలం దాంట్లో దూర్చారేమో చూడండి. ఆకుపచ్చ దాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలానిది ఉండదు. రెండూ ఒకదాంట్లో ఒకటి దూరతాయి గానీ మధ్యలో సందు మిగులుతుంది.

ఎల్‌ఓఎస్ లేదు, పాన్ లైటు మాత్రం మెరుస్తూనే ఉంది

పాన్ అంటే పెట్టె అటువైపుతో కలిసిందని చెప్పే లైటు. అది నిలకడగా వెలగట్లేదంటే వెలుతురు వస్తోంది గానీ, మండలంలోని ఓఎల్‌టీ (మన ఓఎన్‌టీలు కలిసే అటువైపు పెద్ద పెట్టె) ఈ పెట్టెను గుర్తుపట్టట్లేదు. ఎవరో చెప్పాపెట్టకుండా పెట్టె మార్చారు. కింద స్టిక్కరు మీదున్న సీరియల్ నంబరు ఫోటో తీసి పంపండి, అటువైపు ఎక్కిస్తారు. నంబరు సరిగ్గానే ఎక్కి ఉందంటే వెలుతురు అంచులో ఉందన్నమాట, కింద వస్తోంది ఆ కథ.

లైట్లన్నీ బాగున్నాయి, నెట్ లేదు

వైఫై వదిలి లాన్ తీగతో ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. అక్కడ వస్తే గొడవ వైఫైదే. రాకపోతే లాగిన్ పేరు, పాస్‌వర్డ్, బిల్లు. దీని మీద ఇంతకన్నా రాయడానికేం లేదు.

వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

ఒక ఊళ్లో ఫిర్యాదు. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం పోతుంది, రాత్రి మళ్లీ వస్తుంది. పింఛన్ల రోజున వేలిముద్రలు పడక జనం బారులు తీరి నిలబడ్డారు. వెళ్లి కొలిచా. మైనస్ 26.5 డీబీఎం. (ఇది వెలుతురు కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు.) మామూలు రకం ఓఎన్‌టీ మైనస్ 27 దాకా పట్టుకుంటుందని కంపెనీ లెక్క, అంటే అంచు మీద నిలబడి ఉంది. కనెక్టరు తుడిచా, అర పాయింటు మారింది. మండలంలో ఉన్న కుర్రాడికి ఫోన్ చేస్తే, "అన్నా, నీ పెట్టె పంపేది నాకు బ్రహ్మాండంగా వస్తోంది, లైను బాగుంది. నీ ఓఎన్‌టీలోనే ఏదో పోయింది" అన్నాడు. సరే అని పెట్టె మార్చా. కొత్త పెట్టె సెట్టింగుల పేజీలో మైనస్ 19. నెట్ పరుగులు పెట్టింది. సర్పంచ్ గారు కూల్‌డ్రింకు తెప్పించారు.

మూడు వారాల తర్వాత అదే ఫోను. మళ్లీ పెట్టె మార్చా, మళ్లీ బాగైంది. మూడోసారి వెళ్లినప్పుడు అటెండర్ బాబాయ్ అన్నాడు: "నువ్వొచ్చినప్పుడల్లా ఈ బీరువా ముందుకు జరుపుతావు బాబూ. నువ్వెళ్లాక దాన్ని వెనక్కి నెట్టలేక నడుం పడిపోతోంది."

అప్పుడు వంగి చూశా. ఆగస్టు 15కి ఆఫీసుకు రంగులేశారు. బీరువా జరిపి, మళ్లీ పెట్టేటప్పుడు గోడకు ఆనించేశారు. పసుపు ప్యాచ్ కార్డ్ బీరువా వెనక అంచుకీ గోడకీ మధ్య మడత పడి ఉంది. నేను పెట్టె మార్చడానికి బీరువా జరపగానే మడత విడిపోయేది, వెలుతురు వచ్చేది. మంచి పేరేమో కొత్త పెట్టెకు పోయేది. నేను తీసుకెళ్లి పక్కన పడేసిన రెండు ఓఎన్‌టీలూ శుభ్రంగా పనిచేస్తున్నాయి.

మండలం కుర్రాడు అబద్ధం చెప్పలేదు, అదే దీంట్లోని మోసం. ఫైబర్‌ను బాగా వంచితే వెలుతురు గాజులోంచి పక్కకు కారిపోతుంది. తరంగం పొడవైన కొద్దీ ఎక్కువ కారుతుంది. మండలం నుంచి మనకు వచ్చేది 1490 నానోమీటర్లు, మన నుంచి మండలానికి వెళ్లేది 1310. అందువల్ల వచ్చేది బాగా దెబ్బతిని, వెళ్లేది దాదాపు అలాగే ఉంటుంది. అటువాళ్లకు అంతా సవ్యంగా కనపడి పెట్టెను అనుమానిస్తారు. మైనస్ 19 నుంచి మైనస్ 26.5కు పడిందంటే రావాల్సిన వెలుతురులో ఐదో వంతు కూడా మిగల్లేదు. ఆ అంచు మీద ఎవరో బీరువాకు ఆనుకున్నా, ఎండకు తీగ కాస్త సాగినా చాలు, నెట్ పోతుంది. ఆ మధ్యాహ్నాల గుట్టు అదే.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా ముందు కాగితం మీద లెక్క వేస్తా. ఓఎల్‌టీ దగ్గర బయల్దేరేది సుమారు ప్లస్ 3. కిలోమీటరుకు పావు డీబీ చొప్పున 18 కిలోమీటర్లకు నాలుగున్నర పోతుంది. ఒక తీగ వెలుతురును పదహారు దారులకు పంచే స్ప్లిటర్ ఉంటే 14 పోతుంది. అతుకులు, కనెక్టర్లకు 3 వదిలేద్దాం. రావాల్సింది మైనస్ 18.5. మైనస్ 19 వస్తే టీ తాగొచ్చు. మైనస్ 25 వస్తే, నెట్ నడుస్తున్నా సరే, ఎక్కడో కారుతోంది.

చాలా ఓఎన్‌టీల పేజీలోనే వచ్చే వెలుతురు అంకె కనపడుతుంది. ఒకరు దాన్ని చూస్తూ ఉండగా ఇంకొకరు తీగను గోడ పొడవునా మెల్లగా కదపండి. అంకె ఎక్కడ గంతులేస్తే వంపు అక్కడే. దొరక్కపోతే పెట్టె నుంచి తీగ ఊడదీసి రెడ్ లైట్ పెన్ను తగిలించి గదిలో లైట్లు ఆపండి. పసుపు ప్యాచ్ కార్డ్ వంపు దగ్గర ఎర్రగా మెరుస్తుంది. బయటి నల్ల తీగలో ఇది కనపడదు, దానికి ఓటీడీఆర్ (తీగలో ఎంత దూరాన ఎంత వెలుతురు పోతోందో చూపే మీటర్) కావాలి. 1310లోనూ 1550లోనూ రెండుసార్లు తీయండి. ఒకచోట నష్టం రెండింట్లోనూ ఒకేలా ఉంటే అతుకు బాగోలేదు, 1550లో బాగా ఎక్కువ ఉంటే అది వంపే. ఒకే దాంట్లో తీసి అతుకు తప్పని తేల్చి, మంచి జాయింటు కోసి మళ్లీ వేసినవాళ్లను చూశా.

బీరువా వెనకే ఉండాలని లేదు. కిటికీ రెక్క కింద నలగొచ్చు, మేకు మీద వేలాడొచ్చు, ప్లాస్టిక్ ట్యాగు బిర్రుగా లాగి ఉండొచ్చు. ఎక్కువగా కనపడేది మిగిలిన తీగను ముద్దుగా చిన్న చుట్ట చుట్టి పెట్టడం. మామూలు ఫైబర్ 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా చిన్నగా వంగకూడదు. గాజుల కొట్లో 2-6 సైజు గాజు లోపలి అడ్డం దాదాపు 6 సెంటీమీటర్లు. ఆ గాజులో పట్టేంత చిన్న చుట్ట కనపడితే విప్పి పెద్దగా చుట్టండి. నా సంచిలో ఇప్పటికీ ఓ ప్లాస్టిక్ గాజు ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

బాగుచేయడం చిన్న పనే. ప్యాచ్ కార్డ్ మార్చండి, వంపులు తట్టుకునే జీ.657 ఏ2 రకం దొరికితే అదే వేయండి. సామాన్లు జరగని గోడ మీద పెట్టె బిగించి, తీగను పీవీసీ పట్టీలో నడపండి. తర్వాత బీరువాను మీరే వెనక్కి నెట్టి మళ్లీ కొలవండి. ఆ అంకె, తారీఖు పెట్టె పక్కన స్టిక్కరు మీద రాయండి.

మిగతావి

ఒక ఇంట్లో పాడైన ఓఎన్‌టీ ఆగకుండా వెలుతురు కక్కుతూ ఆ స్ప్లిటర్ మీద అందరినీ ముంచడం, పిడుగుకు పోర్టు కాలడం, ఓఎల్‌టీలో కార్డు పోవడం. ఉంటాయి. నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటిది అనుమానమైతే ఒక్కో ఇల్లూ ఊడదీసి చూడటమే, మిగతా రెండూ మండలం వాళ్ల తలనొప్పి.

నాకు ఫోన్ చేసేటప్పుడు నాలుగు చెప్పండి: ఏ లైటు ఏ రంగులో ఉంది, పక్క ఊళ్లో వస్తోందా, ఇప్పుడు వెలుతురు అంకె ఎంత, స్టిక్కరు మీద రాసిన అంకె ఎంత. ఈ మధ్య గదిలో సామాను జరిపారా అన్నది నేనే అడుగుతా.