షాట్ ఎందుకు తప్పుతోంది? బంతి ఎటు పోయిందో చూస్తే కారణం దొరుకుతుంది

బాస్కెట్‌బాల్‌లో షాట్ తప్పగానే చాలామంది తర్వాతి బంతిని ఇంకా గట్టిగా విసురుతారు. ఆ పని చేయొద్దు. బంతి ఎక్కడ తగిలింది, గాల్లో ఎలా తిరిగింది అన్న రెండూ చూస్తే, లోపం కాళ్లలో ఉందో, మోచేతిలో ఉందో, రెండో చేతిలో ఉందో తెలిసిపోతుంది. కింద ఇచ్చిన కొలతలు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనలవి. సూచనలు కుడిచేతి వాటం వాళ్లకని రాసినవి కాబట్టి ఎడమచేతి వాళ్లు కుడిఎడమలు మార్చుకుని చదవాలి.

ముందు బంతి, రింగు సరిగ్గా ఉన్నాయా?

రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉండాలి. పాత కోర్టు మీద మళ్లీ సిమెంటు పోసి ఉంటే ఆ మేరకు ఎత్తు తగ్గిపోతుంది. టేపు పెట్టి కొలవండి. బంతి అడుగుభాగం 1.8 మీటర్ల ఎత్తులో ఉండేలా పట్టుకుని వదిలితే, తిరిగి లేచినప్పుడు దాని పైభాగం సుమారు 1.3 మీటర్ల ఎత్తుకు రావాలి. మగవాళ్లకు 7వ సైజు, ఆడవాళ్లకు 6వ సైజు, 12 ఏళ్లలోపు పిల్లలకు 5వ సైజు. చిన్నపిల్లలకు రింగు కూడా 2.60 మీటర్లే ఉండాలి. తొమ్మిదేళ్ల పిల్లవాడి చేతికి 7వ సైజు బంతి ఇస్తే నడుము దగ్గర్నుంచి విసరడం నేర్చుకుంటాడు. ఆ అలవాటు తర్వాత మాన్పించడం చాలా కష్టం.

బంతి రింగు ముందు అంచుకు తగిలి తిరిగొస్తోంది

ఎక్కువమందిని వేధించేది ఇదే. దీనికి రెండు కారణాలుంటాయి, రెండింటికీ మందు వేరు.

మొదటిది, బంతి తగినంత ఎత్తు లేవకపోవడం. రింగు లోపలి వెడల్పు 45 సెం.మీ., బంతి వెడల్పు దాదాపు 24. నిట్టనిలువుగా దిగే బంతికి 45 సెం.మీ. మొత్తం దొరుకుతుంది. 45 డిగ్రీల కోణంలో దిగితే దొరికేది సుమారు 32. అదే 30 డిగ్రీలైతే 22.5 మాత్రమే, అంటే బంతి కన్నా తక్కువ. ఇక అంచుకు తగలకుండా పడే వీలే లేదు.

కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినప్పుడు గీత వెనక నిలబడి, ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) వేస్తుండగా ఒకరిని పక్కన నిలబెట్టి, బంతి గరిష్ఠంగా ఎంత ఎత్తుకు వెళ్లిందో రింగు వెనకున్న బోర్డుతో పోల్చి చూడమనండి. బోర్డు పై అంచు దాకా లేస్తే దాదాపు 45 డిగ్రీలతో దిగుతున్నట్టు. బోర్డు మీది చిన్న పెట్టె పై గీత దగ్గరే ఆగిపోతే 30 డిగ్రీలే. సరిచేయాలంటే చేతిని రింగు వైపు కాకుండా పైకి చాచండి. బంతి వదిలాక మోచేయి కనుబొమల కన్నా పైన ఉండాలి, మణికట్టు కిందికి వాలాలి, బంతి రింగుకు తగిలేదాకా చేయి అలాగే ఉంచాలి.

రెండోది కాళ్లు. ఎత్తు బాగానే ఉన్నా బంతి చేరడం లేదంటే, ఎగిరి కిందికి దిగేటప్పుడు వదులుతున్నారన్నమాట. మోకాళ్లు లేచే ఊపు ఆగకముందే బంతి చేతిని వదలాలి. మొదటి అరగంట బాగా పడి ఆ తర్వాత ముందు అంచుకు తగలడం మొదలైతే అది అలసట. అప్పుడు షాట్ మార్చకండి, దూరం తగ్గించండి.

కుడికో ఎడమకో పోతోంది

బంతి మీది పొడవాటి గీతలు అడ్డంగా ఉండేలా పట్టుకుని వేసి, గాల్లో వాటిని గమనించండి.

గీతలు వంకరగా, బొంగరంలా తిరుగుతుంటే తప్పు ఎడమచేతి బొటనవేలిది. ఎడమచేయి బంతికి ఆసరా మాత్రమే, తోయకూడదు. ఆ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రూపాయి బిళ్ల ఇరికించి రింగుకు మీటరు దూరం నుంచి వేయండి. బిళ్ల జారిందంటే బొటనవేలు తోసినట్టే. వరసగా 10 పడ్డాకే అర మీటరు వెనక్కి జరగండి.

బంతి గాల్లో వంకర లేకుండా మన వైపుకు గిర్రున తిరుగుతూనే పక్కకు పోతుంటే, మోచేయి బయటికి విచ్చుకుంటోంది. కుడి భుజం గోడకు దగ్గరగా నిలబడి ఉత్తచేత్తో షాట్ అభినయించి చూడండి, మోచేయి గోడకు తగిలితే రుజువైనట్టే. రెండు పాదాలూ ముక్కుసూటిగా రింగు వైపే ఉండాలని చెబుతుంటారు కానీ, చాలామందికి అలా నిలబడితేనే భుజం బిగుసుకుని మోచేయి బయటికి పోతుంది. కుడి పాదం కాస్త ముందుంచి, రెండు పాదాలనూ కొద్దిగా ఎడమకు తిప్పితే మోచేయి దానంతటదే బంతి కిందికి వస్తుంది.

ఒక్క రింగు దగ్గర ఇరవైమంది పిల్లలుంటే ఇలా చేయొచ్చు: ఇద్దరిద్దరు కోర్టు గీత మీద 4 మీటర్ల దూరంలో నిలబడి ఒకరికొకరు షాట్ వేసుకోవాలి. బంతి గీత మీదే పడాలి.

వెనక అంచుకో బోర్డుకో బలంగా కొట్టుకుంటోంది

బంతి అరచేతిలో కూర్చుని ఉంటుంది. వేళ్ల మీద నిలపండి, అరచేతి మధ్య వెలుతురు కనిపించాలి. చివరగా బంతిని వదిలేవి చూపుడు, మధ్య వేళ్లు.

బంతి పడింది, పాయింట్లు రాలేదు

ఫ్రీ త్రోలో రిఫరీ బంతి ఇచ్చాక 5 సెకన్లలో వేయాలి. బంతి రింగుకు తగిలేదాకా గీత తొక్కకూడదు. వేసిన వెంటనే ముందుకు తూలేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. వాళ్లు బరువు మునివేళ్ల మీద కాకుండా పాదం మధ్యలో ఉంచుకోవాలి.

మూడు పాయింట్ల గీత రింగు మధ్య నుంచి 6.75 మీటర్లు. ఎగిరేటప్పుడు కాలివేలు గీతకు తగిలినా రెండే ఇస్తారు. గీత బయట నుంచి ఎగిరి లోపల దిగితే మాత్రం తప్పు లేదు.

లేఅప్‌లో (పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర్నుంచి వేసే షాట్‌లో) ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేసిన తప్పు, పడుతుంటే అడుగులు లెక్కపెట్టండి. పరుగులో బంతి అందుకున్నప్పుడు నేల మీదున్న పాదం లెక్కలోకి రాదు. ఆ తర్వాత రెండు అడుగులు వేయొచ్చు, మూడోది నేలను తాకేలోపు బంతి చేతిని వదిలేయాలి. నిలబడి ఉండి డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ కదలడం) మొదలుపెట్టేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు: పివట్ కాలు (నేల మీద కదలకుండా ఆనించి ఉంచాల్సిన కాలు) లేచేముందే బంతి చేతిని వదలాలి.

జట్టు షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్ల గడువు ముగిసినట్టు బజర్ మోగకముందే బంతి చేతిని వదిలి ఉంటే, మోగాక రింగులో పడినా పాయింట్లు ఇస్తారు.