కీలు మార్చిన చేయి మళ్ళీ విరిగితే

మా అమ్మకి 72 ఏళ్ళు. రెండేళ్ళ కిందట కుడి భుజం కీలు మార్పించాం. పోయిన కార్తీకంలో తులసికోట దగ్గర తడి గచ్చు మీద జారి, అదే చేతి మీద పడింది. లోపల దింపిన లోహపు కాడ, డాక్టర్లు స్టెమ్ అంటారు, దాని కొస దగ్గర సరిగ్గా జబ్బ ఎముక విరిగింది.

మీ ఇంట్లో ఇలా జరిగితే ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి. చూస్తుండగానే చేయి వాచిపోతుంది. మేం ఆలస్యం చేశాం, ఉంగరం కత్తిరించాల్సి వచ్చింది. విరిగిన చేతికన్నా దానికే అమ్మ ఎక్కువ ఏడ్చింది. చేతిని లాగొద్దు, మర్దనా చేయొద్దు. మా మావయ్య పుత్తూరు కట్టు మాటెత్తాడు. లోపల లోహం ఉన్న ఎముకను పైనుంచి తడిమి సర్దే పని కాదని ఆపాను. చున్నీతో చేతిని మెడకు వేలాడగట్టి బయలుదేరాం.

తర్వాత ఒక పరీక్ష మీరే చేయండి. మణికట్టు పైకి లేస్తోందా? బొటనవేలు పైకెత్తగలరా? రేడియల్ నరం జబ్బ ఎముకను వెనకనుంచి చుట్టుకుని దిగుతుంది, విరిగినప్పుడు అది నలగొచ్చు. మేం మొదట వెళ్ళిన ఆస్పత్రిలో ఎవరూ ఇది చూడలేదు. అమ్మ మణికట్టు లేస్తోందని నేనే చెప్పి కేసు షీటులో రాయించాను. ఆపరేషన్‌కు ముందే రాసి లేకపోతే, తర్వాత చేయి వాలిపోయినప్పుడు అది పడినందువల్లో, కోసినందువల్లో తేల్చడం కష్టం.

పాత ఫైలు వెతకండి. డిశ్చార్జి కాగితాల్లో ఎక్కడో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించి ఉంటాయి. కంపెనీ, సైజు, నంబరు అన్నీ అందులోనే. కాడ తీయాల్సొస్తే దానికి సరిపడే పనిముట్లు తెప్పించాలిగా! మా ఫైలు బీరువాలో పట్టుచీరల కింద దొరికింది.

ఇక సర్జన్ గారిని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: "కాడ గట్టిగా ఉందా, వదులైందా?" భుజం నుంచి మోచేయి దాకా ఎక్స్‌రే, అనుమానముంటే సీటీ తీస్తారు. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా కాడ వదులవుతుంది కాబట్టి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు.

గట్టిగా ఉండి, ముక్కలు పెద్దగా జరగకపోతే బ్రేస్‌తోనే, అంటే చేతికి బయటనుంచి బిగించే పట్టీతోనే అతకొచ్చు. గట్టిగా ఉన్నా ముక్కలు జరిగితే ప్లేటు. విరిగిన చోటికి కింద స్క్రూలు మామూలుగానే బిగిస్తారు. పైన ఎముక గుల్లలో కాడ నిండి ఉంటుంది, స్క్రూ అడ్డంగా దూరడం కష్టం. అందుకే అక్కడ ఎముక చుట్టూ లోహపు తీగలు బిగిస్తారు. తీగ కింద నరం చిక్కకుండా ముందు దాన్ని వెతికి పక్కకు పెట్టడమే ఈ ఆపరేషన్‌లో ఓపిక పని. అమ్మకి ఇదే చేశారు.

వదులైతే ప్లేటు ఒక్కటే చాలదు. పాత కాడ తీసి, విరిగిన చోటు దాటి ఎముక వెడల్పుకి కనీసం రెండింతలు కిందికి దిగే పొడవాటి కాడ వేస్తారు. ఎముక మరీ పలచబడితే దాత ఎముక పలకలు ఆనించి కడతారు. ఇలా పాత కీలు తీసి మళ్ళీ వేసే ఆపరేషన్లు, అంటే రివిజన్లు, చేసి అలవాటున్న సర్జన్నే వెతకండి, రెండు రోజులు ఆగినా పర్వాలేదు. గుండెకు ఎకోస్ప్రిన్ లాంటి, రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతుంటే చేరిన రోజే చెప్పండి.

ఇంటికొచ్చాక వేళ్ళు, మణికట్టు మొదటి రోజు నుంచే ఆడించాలి. భుజం మాత్రం సర్జన్ చెప్పాకే. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేతిని ఆనించనివ్వకండి. ముందు గుండీలున్న నైటీలు కొనండి, తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, విప్పేటప్పుడు చివర. ఎడంచేత్తో అన్నం తిననని అమ్మ రెండు పూటలు మొండికేసింది. చెంచా అయితే ఎంగిలి కాదని మా అత్తయ్య ఏదో సర్దిచెప్పింది.

ఎముకల బలానికి డెక్సా స్కాన్ చేయిస్తే బాగా తగ్గిందని తేలింది, దానికి మందు వాడుతున్నాం. ఇప్పుడు ఐదో నెల. జడ ఇంకా నేనే వేస్తున్నాను. తులసికోట దగ్గర గరుకు పలకలు వేయించాం. ఉంగరం మాత్రం ఇంకా కంసాలి దగ్గరే ఉంది.