5 గిగాహెర్ట్జ్ దగ్గర 100 డిగ్రీలు: నాకు పనిచేసిన పద్ధతి

నా ఆరు కోర్ల ప్రాసెసర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి పెంచాక, వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని చివరి ఫైల్‌గా తయారుచేయడం) మొదలైన రెండు నిమిషాలకే 100 డిగ్రీలు తాకి స్పీడ్ దానంతటదే పడిపోయేది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పేస్ట్ మార్చాను, ఫ్యాన్లు పెంచాను, కేబినెట్ పక్క తలుపు తీసి చూశాను; లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది వోల్టేజ్ తగ్గించడం. ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరవగలిగే సెట్టింగుల్లో) ఆటో వోల్టేజ్ తీసేసి 1.35 వోల్టుల దగ్గర కట్టేశాను. తర్వాత స్పీడ్‌ని నిర్ణయించే మల్టిప్లయర్ అనే అంకెని 50 నుంచి 48కి, అంటే 5 నుంచి 4.8 గిగాహెర్ట్జ్‌కి దించాను. అప్పుడు వోల్టేజ్‌ని 0.02 చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ అరగంట స్ట్రెస్ టెస్ట్ (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి చూసే పరీక్ష) నడిపాను. 1.23 దగ్గర బ్లూ స్క్రీన్ వచ్చి కంప్యూటర్ ఆగిపోయింది. రెండు మెట్లు పైకొచ్చి 1.27 దగ్గర ఆగాను. పవర్ వాడకం వోల్టేజ్ వర్గాన్ని బట్టి, అంటే వోల్టేజ్‌ని వోల్టేజ్‌తోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి పెరుగుతుంది. స్పీడ్‌ని బట్టి కూడా పెరుగుతుంది. అందుకే చూడ్డానికి చిన్న తగ్గింపులే అయినా, రెండూ కలిపితే లెక్క ప్రకారం సుమారు 15 శాతం వేడి తగ్గాలి. ఇప్పుడు గంటసేపు రెండర్ చేసినా 89 దాటడం లేదు. రెండర్‌లో తేడా నాకైతే కనిపించలేదు.

ఒకే మోడల్ చిప్పులు కూడా రెండు ఒకేలా ఉండవు, కాబట్టి నా 1.27 మీకు సరిపోకపోవచ్చు. మీ అంకె మీరే వెతుక్కోవాలి. పైగా గాలి కూలర్ ఏదైనా చిప్‌ని గది వేడి కంటే కిందికి దించలేదు. నేను కొలిచినప్పుడు గదిలో 34 డిగ్రీలు. మే నెలలో మా విజయవాడ ఎండకి మళ్లీ టెస్ట్ చేయాలి.