విదేశీ సేవకు వెళ్లే విద్యార్థికి బతకడం ఎలా నేర్పాలి?

వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల బైబిల్ కాలేజీల్లో చదివే పిల్లల్లో విదేశాలకు సేవకు వెళ్లాలన్న భారం ఉన్నవాళ్లు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ప్రార్థనలో నిలబడతారు, వాక్యం చక్కగా చెబుతారు. కానీ ఆఫ్రికాలోని మలావి దేశంలో ఒక పల్లెలో దిగాక బొగ్గుల పొయ్యి ఎలా వెలిగించాలి, భాష రాని సంతలో కూరగాయలు ఎలా కొనాలి, జ్వరం వస్తే ఎంతసేపు ఆగవచ్చు? ఇవి పాఠ్యప్రణాళికలో ఉండవు. పాస్టర్లు, బైబిల్ కాలేజీ టీచర్లు, మనిషిని పంపించే సంఘాల పెద్దలు తరగతులకు తోడుగా ఆరు నెలల్లో ఈ పనులు ఎలా నేర్పవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక్క సంగతి ముందే ఒప్పుకుంటే మిగతా అంతా తేలికవుతుంది. కొత్త దేశంలో మొదటి ఒకటి రెండేళ్లు మిషనరీ సాయం చేసే మనిషి కాదు, సాయం అడిగే మనిషి. దారి అడగాలి, మాట అడగాలి, ఉప్పు ఎక్కడ దొరుకుతుందో అడగాలి. మన పిల్లలకు అడగడం అలవాటు చేయం. మైకు ముందు నిలబెట్టి మాట్లాడటం మాత్రం అలవాటు చేస్తాం. శిక్షణ ఈ లోటు పూడ్చాలి.

డోర్నకల్‌తో మొదలుపెట్టండి

విద్యార్థుల్ని ఒకరోజు వరంగల్ స్టేషన్‌లో రైలెక్కించి డోర్నకల్ తీసుకెళ్లండి. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు వి.ఎస్. అజరయ్య ఇక్కడికి మిషనరీగా వచ్చారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకొని నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతానికి మనుషుల్ని పంపారు. అజరయ్య ఆ సంఘం స్థాపకుల్లో ఒకరు. తెలుగు ఆయన మాతృభాష కాదు, నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరో మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఎంతో ఇచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని అడిగారు.

కెథడ్రల్ ప్రాంగణంలో పిల్లల్ని కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేయండి: అప్పట్లో మన ఊళ్లకు వచ్చిన పరాయివాళ్లు ఎలా ఉంటే మన తాతలు ఇంట్లోకి రానిచ్చారు, ఎలా ఉంటే గడప దగ్గరే ఆపారు? ఆ జవాబులు ఒక నోటుబుక్కులో రాయించండి. రేపు పరాయివాళ్లు కాబోయేది వాళ్లే.

తండాలో ఆరు వారాలు

మొత్తం శిక్షణలో దీన్ని మించింది లేదు. వీసా కోసం ఎదురుచూసే కాలంలో విద్యార్థిని మహబూబాబాద్ జిల్లాలోనో ములుగు జిల్లాలోనో ఒక లంబాడీ తండాలో ఆరు వారాలు ఉంచండి. ఒక్కో తండాకు ఇద్దరి కన్నా ఎక్కువ వద్దు. ఎక్కువమందైతే వాళ్లలో వాళ్లే తెలుగులో మాట్లాడుకుంటూ కూర్చుంటారు. కోయగూడెం కూడా మంచిదే కానీ కోయ ద్రావిడ భాష, తెలుగు వచ్చినవాళ్లకు కొంత దగ్గరగా అనిపిస్తుంది. లంబాడీ ఉత్తరాది భాషల కుటుంబానిది, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కూడా మొదట అంతుపట్టదు. నేపాలీనో స్వాహిలీనో ఎదురైనప్పుడు పడబోయే ఇబ్బంది ఇక్కడే కొంత రుచి చూస్తారు.

వెళ్లే ముందు సర్పంచ్‌నూ తండా పెద్దల్నీ ఇంటివాళ్లనూ కలిసి అనుమతి అడగాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: వీళ్లు బైబిల్ కాలేజీ పిల్లలు, పరాయి భాష నేర్చుకోవడం ఎలాగో నేర్చుకోవడానికి వచ్చారు, తిండికీ వసతికీ డబ్బు ఇస్తాం, ఈ ఆరు వారాలూ మతబోధ ఏమీ చేయరు అని. ఆ మాట ఖచ్చితంగా నిలబెట్టుకోవాలి. భాష నేర్పండి అని ఇంట్లో అడుగుపెట్టి రెండో రోజు కరపత్రాలు తీస్తే, అది ఆ ఇంటివాళ్లను మోసం చేయడమే. అలా అలవాటైన విద్యార్థి విదేశంలోనూ అదే చేస్తాడు. ఎవరైనా దేవుని గురించి తమంతట తాము అడిగితే దాచకుండా జవాబు చెప్పవచ్చు. అంతే.

రోజువారీ పద్ధతి ఇలా పెట్టండి. మొదటి వారం విద్యార్థి ఎక్కువగా మాట్లాడకూడదు, వినాలి. ఇంటి అమ్మ 'రా, కూర్చో, నీళ్లు తే, తలుపు వెయ్యి' అంటుంటే చేసి చూపించాలి. చెవి ముందు తెరుచుకుంటే నోరు దానంతట అదే కదులుతుంది. రెండో వారం నుంచి రోజుకు ఐదు చిన్న వాక్యాలు నేర్చుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని, అవే వాక్యాలను తండాలో ఇరవై ముప్ఫై గడపల దగ్గర పలకాలి. పిల్లలు నవ్వుతారు, దిద్దుతారు. చిన్నపిల్ల చేత దిద్దించుకుని మళ్లీ అడగగలిగినవాడు ఏ దేశంలోనైనా భాష నేర్చుకుంటాడు. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. అయితే తెలుగు అక్షరానికి అందని శబ్దం దొరికినప్పుడు పక్కన గుర్తు పెట్టించండి.

తెలుగు నోటికి ఉన్న ఒక అలవాటు గురించి కూడా హెచ్చరించండి. హల్లుతో ఆగే మాటకు మనం చివర అచ్చు తగిలిస్తాం. బస్సు, కారు, బ్యాంకు అంటాం. కెన్యా, టాంజానియాల్లో మాట్లాడే స్వాహిలీలో మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి మనకు హాయి. కంబోడియా భాష ఖ్మేర్‌లో హల్లుతో ఆగే మాటలు ఎక్కువ. థాయ్‌లో ఐదు స్వరస్థాయులుంటాయి, గొంతు ఎత్తితే ఒక అర్థం, దించితే ఇంకొకటి. అక్కడికి వెళ్లేవాళ్లకు పాటలు నేర్పే మాస్టారి దగ్గర కొన్ని వారాలు చెవి సాధన చేయించండి.

తండాలో ఉండగా తీజ్ పండుగ రావచ్చు, సేవాలాల్ పూజ జరగవచ్చు. ములుగు వైపు ఉంటే, రెండేళ్లకోసారి మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతర గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవడం వింటారు. ప్రసాదం పెడితే ఏం చేయాలి? ఈ ప్రశ్న పిల్లలకు అప్పటికప్పుడు ఎదురుకాకూడదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని 8 నుంచి 10 వరకు అధ్యాయాలు చదివించి, ముందే కూర్చుని చర్చించండి. వద్దనుకుంటే ఎదుటివాళ్లను నొప్పించకుండా చెప్పే ఒక్క వాక్యం వాళ్ల భాషలోనే సిద్ధంగా ఉండాలి. వాళ్ల పూజను వెక్కిరించడం, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం జరిగితే ఆ విద్యార్థిని అదే రోజు వెనక్కి పిలిపించండి.

వంట, నీళ్లు, ఇల్లు

హాస్టల్‌లో వంటమనిషి ఉన్నా వారానికి రెండు రోజులు విద్యార్థులే వండాలి, ముఖ్యంగా అబ్బాయిలు. ఒక నెలపాటు చింతపండు, ఎండుకారం, ఆవకాయ లేకుండా తినిపించండి. గొణుగుతారు, గొణగనివ్వండి. తూర్పు ఆఫ్రికాలో ఉగాలి అని, మలావిలో న్సిమా అని తినేది తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. మన ఊళ్లలో మక్క గట్క తిన్న పిల్లలకు అది కొత్త కాదు. వరి అన్నం తప్ప మరేదీ ముట్టని పట్నం పిల్లలకే కష్టం. లూకా సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల్ని పంపుతూ, ముందు పెట్టింది తినమన్నారు. ఆ ఆజ్ఞకు సాధన వంటగదిలోనే జరగాలి.

బొగ్గుల పొయ్యి ఆరుబయట వెలిగించడం నేర్పండి. చలిగా ఉందని మూసిన గదిలో బొగ్గులు రాజేసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వల్ల నిద్రలోనే ప్రాణం పోతుంది. దానికి వాసన ఉండదు. నీళ్లు తెర్లిన తర్వాత ఒక నిమిషం పాటు మరగనివ్వాలి, రెండు వేల మీటర్లకు పైనున్న కొండ ఊళ్లలో మూడు నిమిషాలు.

మరుగుదొడ్లు కడిగే వంతు అందరికీ ఉండాలి. ఇది శుభ్రత కోసమే కాదు. మన సంఘాల్లో కులం లేదని పైకి అంటాం కానీ ఎవరు వండుతారు, ఎవరు ఊడుస్తారు, ఎవరింట సంబంధం కలుపుకుంటారు అన్నచోట అది ఇంకా కూర్చునే ఉంది. దాన్ని పెట్టెలో సర్దుకుని ఇంకో దేశానికి తీసుకెళ్లకూడదు. అక్కడి నల్లజాతివాళ్లతోనో, పేద తెగలతోనో ఈ పిల్లలు ఎలా మెలగుతారన్నది ఇక్కడి హాస్టల్‌లోనే తేలిపోతుంది.

ఆరోగ్యం

రెడ్ క్రాస్ లాంటి సంస్థలు ఇచ్చే ప్రథమ చికిత్స శిక్షణ అందరికీ ఇప్పించండి. కొన్ని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. విరేచనాలైతే, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకనిచోట లీటరు మంచినీళ్లలో చక్కెర ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా, రెండూ తలగొట్టి కొలిచి కలపాలి. పాము కరిస్తే కోయకూడదు, గట్టిగా కట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన చేయో కాలో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మలేరియా ఉన్న దేశంలో జ్వరం వస్తే 24 గంటల్లోపు రక్తపరీక్ష చేయించాలి. తిరిగి ఇండియాకు వచ్చాక కొన్ని నెలల వరకు జ్వరం తగిలినా, ఏ దేశం నుంచి వచ్చారో డాక్టరుకు చెప్పాలి.

ఆఫ్రికాలో చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి టికెట్ తీసే ముందే టీకా సంగతి చూసుకోవాలి. 2016 నుంచి ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతోంది.

ఒక నిషేధం పెట్టండి. శిక్షణ పొందిన డాక్టరో నర్సో కాని విద్యార్థి ఎవరికీ ఇంజెక్షన్ వేయకూడదు, యాంటీబయోటిక్ ఇవ్వకూడదు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీలను చూసి పెరిగిన పిల్లలకు ఇది సేవలాగే అనిపిస్తుంది. పరాయి దేశంలో అది ఒక ప్రాణానికీ, మొత్తం పనికీ ముప్పు.

చేతిపని

సైకిల్ పంక్చర్, కుళాయి వాషర్ మార్చడం, ఫ్యూజు వేయడం, బట్టలు కుట్టడం, జుట్టు కత్తిరించడం, సోలార్ ప్యానెల్‌ను బ్యాటరీకి కలపడం. వీటిలో కనీసం రెండు ప్రతి విద్యార్థికీ రావాలి. ఉపన్యాసాలు వద్దు. కాజీపేటలోనో హన్మకొండలోనో ఒక మెకానిక్ దగ్గర, ఒక టైలరమ్మ దగ్గర రెండు వారాలు సహాయకులుగా పెట్టండి. పౌలు డేరాలు కుట్టి బతికాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదువుతాం కదా. అయితే విదేశంలో మన చేతిపని అక్కడి మెకానిక్ నోటి దగ్గర కూడు తీసేలా ఉండకూడదు. ముందు ఆయన దగ్గరకే వెళ్లాలి. దగ్గర్లో ఎవరూ లేనప్పుడే మన పనిముట్లు తీయాలి.

కాగితాలు, చట్టం

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలకు పైగా గడువుండాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి. బండి నడపాల్సి వస్తే ఆర్టీఏలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, అది ఏడాదికే చెల్లుతుంది. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలో కుటుంబసభ్యులకు చూపించండి.

టూరిస్టు వీసాతో వెళ్లి సేవ చేయడం అబద్ధంతో మొదలుపెట్టడమే. ఏ వీసా ఏ పనికి చెల్లుతుందో ఆ దేశపు ఎంబసీని అడిగి కాగితం మీద తెచ్చుకోండి. నేపాల్‌కు మనం పాస్‌పోర్టు కూడా లేకుండా వెళ్లవచ్చు కాబట్టి పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. 2018 నుంచి అమల్లో ఉన్న అక్కడి శిక్షాస్మృతి ప్రకారం ఇతరులను మతం మార్పించడం నేరం, ఐదేళ్ల వరకు జైలు, యాభై వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపించేస్తారు. ఈ సంగతి వెళ్లేవాళ్లకూ, వాళ్ల తల్లిదండ్రులకూ కూర్చోబెట్టి చెప్పాలి. మనకన్నా ఎక్కువ నష్టపోయేది అక్కడి స్థానిక విశ్వాసులు. మనం విమానం ఎక్కేస్తాం, వాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి.

డబ్బు, ఉత్తరాలు

పంపే సంఘం నెలకు ఎంత ఇస్తుందో, ఎన్నేళ్లు ఇస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. తిరుగు టికెట్ డబ్బు వేరే ఖాతాలో, ఎవరూ ముట్టకుండా ఉండాలి. చిట్టీ ఎత్తి, బంగారం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపకండి. విదేశాలకు డబ్బు పంపే పద్ధతి బ్యాంకులో, చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర ముందే తెలుసుకోవాలి. సంఘం పేరున పంపడానికీ, వ్యక్తిగా పంపడానికీ నిబంధనలు వేరు. శిక్షణ కాలమంతా ప్రతి విద్యార్థి పైసాతో సహా లెక్క రాయాలి, నెలకోసారి ఇంకొకరు తనిఖీ చేయాలి.

సంఘానికి రాసే ఉత్తరాల్లో ఉన్నది ఉన్నట్టు రాయడం నేర్పండి. ఈ నెల భాష తప్ప ఏమీ జరగలేదంటే అదే రాయాలి. చిరిగిన చొక్కాల పిల్లల ఫోటోలు కానుకల కోసం పంపకూడదు.

దంపతులు, ఒంటరి ఆడపిల్లలు

భర్తకు శిక్షణ ఇచ్చి భార్యను సామానులా వెంట పంపడం మన దగ్గర మామూలైపోయింది. తండాలో ఆరు వారాలు ఇద్దరూ ఉండాలి, లెక్కలు ఇద్దరూ రాయాలి, ఇద్దరికీ భాష రావాలి. సేవకు పిలుపు ఉన్న అమ్మాయికి 'ముందు పెళ్లి చేసుకో, తర్వాత వెళ్దువులే' అని చెప్పి ఆపకండి. డ్రైవింగ్ నేర్పండి, అక్కడి పరిస్థితి తెలిసిన పెద్ద అక్కలతో మాట్లాడించండి, ఇంకొకరితో జతగా పంపండి.

ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి

ఆరు నెలల చివర టీచర్ల మార్కులు ఒకవైపు పెట్టి, మీరే తండాకు వెళ్లండి. విద్యార్థి వెంట రాకూడదు. ఆ ఇంటి అమ్మను మూడు విషయాలు అడగండి: ఈ పిల్లాడు మీ మాట విన్నాడా? తప్పు చేస్తే ఒప్పుకున్నాడా? మళ్లీ వస్తే ఇంట్లో ఉండనిస్తారా? మూడోదానికి ఆమె తడబడితే, విమానం టికెట్ ఆపి, ఇంకో తండాలో ఇంకో ఆరు వారాలు ఉంచి చూడండి. అప్పుడు కూడా అదే జవాబు వస్తే, ఆ పిల్లవాడితో విడిగా కూర్చుని ప్రార్థన చేసి, ఇక్కడే ఏ సేవ చేయగలడో కలిసి ఆలోచించండి. అందరి ముందు పేరు చదివి ఆపకండి.