పత్తి స్ట్రెంగ్త్ రోజుకో రకంగా వస్తోందా? మిషను విప్పకముందు ఇది చూడండి

సమస్య: అదే పత్తి బేలు, పోగును లాగి తెంపి స్ట్రెంగ్త్ (బలం) కొలిచే అదే మిషను, అదే ఆపరేటర్. అయినా ఉదయం రీడింగుకీ సాయంత్రం రీడింగుకీ పొంతన ఉండదు. గుంటూరు వైపు మిల్లు ల్యాబుల్లో వానాకాలం వస్తే ఇదే గోల. వెంటనే మిషనులో లాగుడు బలాన్ని కొలిచే లోడ్ సెల్‌ని అనుమానిస్తారు, క్యాలిబ్రేషన్ వాళ్లకి ఫోన్ చేస్తారు. గోడమీద తేమ మీటరు వైపు మాత్రం తలెత్తరు.

మిషనా, తేమా అన్నది తేల్చడం తేలికే. పాత బలం విలువలు తెలిసిన పత్తి, విస్కోస్ (కలప గుజ్జుతో చేసే పోగు), పాలిస్టర్ మూడూ ఒకేసారి మిషనులో తెంపండి. పత్తి పెరిగి, విస్కోస్ తగ్గి, పాలిస్టర్ కదలకపోతే గదిలో తేమ ఎక్కువైనట్టే. మూడూ ఒకే వైపు జరిగితే అప్పుడు లోడ్ సెల్ సంగతి చూడండి.

కారణం పోగు లోపలే ఉంది. పత్తి పోగు సెల్యులోజ్ అనే మొక్కల పదార్థంతో తయారైంది. అందులో ఆ సెల్యులోజ్ అణువుల గొలుసులు పొడవు, వాటి కట్టలు మెలికలుగా చుట్టుకుని ఉంటాయి. నీరు చేరితే ఆ కట్టలు కాస్త సర్దుకుని బరువును సమంగా పంచుకుంటాయి, అందుకే తడిసిన పత్తి గట్టిపడుతుంది. విస్కోస్‌దీ సెల్యులోజే, కానీ గొలుసులు పొట్టి, అమరిక వదులు. నీరు మధ్యలో దూరి వాటిని విడదీస్తుంది. పూర్తిగా తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. పాలిస్టర్ పీల్చే తేమ 0.4 శాతమే, దానికి వానైనా ఎండైనా ఒకటే.

"మా గదిలో తేమ పరీక్షకు కావాల్సిన 65 శాతమే ఉందండీ" అంటారు. ఇప్పుడుంది సరే, రాత్రి ఏసీ ఆపేశారు కదా? నమూనా తెల్లవార్లూ తేమ తాగింది. పొద్దున ఏసీ వేయగానే మీటరు 65కి దిగుతుంది, పోగు దిగదు. ఇంకో చిక్కు, తడి వైపు నుంచి 65కి వచ్చిన పత్తి, పొడి వైపు నుంచి వచ్చినదానికన్నా ఎక్కువ తేమ పట్టుకునే ఉంటుంది. ఎంతసేపు ఆగినా ఆ తేడా పోదు.

పరిష్కారం: నమూనాను ముందు 50 డిగ్రీలు దాటని వేడిలో, 10-25 శాతం తేమలో ఆరనివ్వండి. తర్వాతే 65 శాతం గదిలో పెట్టండి. మన వేడి ప్రాంతాలకు 27 డిగ్రీలు ప్రామాణికం. గడియారం చూసి తీయొద్దు, తూకం చూసి తీయండి: రెండు గంటల తేడాతో తూచినప్పుడు మార్పు 0.25 శాతం లోపుంటేనే తెంపాలి. రాత్రి కూడా ఏసీ, తేమ నియంత్రణ నడవాలి. కరెంటు బిల్లు అంటారా, తప్పు రీడింగుతో బేళ్లు కలిపితే అయ్యే నష్టం ముందు అదెంత?

పోగు ప్రతిసారీ మిషను దవడ (పోగును బిగించి పట్టే భాగం) అంచునే తెగుతుంటే దాని బిగింపు, అరుగుదల చూసుకోండి. బేలుకి బూజు పట్టడం లాంటివి అరుదు, వాసనే చెప్పేస్తుంది.